రెండు మూడు జబ్బులున్న వాళ్ళని మందుల పరీక్షకి పిలిస్తే
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు, పదో తరగతి చదివాను. తెలిసినవాళ్ళని అడిగి, చదివి తెలుసుకున్నదే చెబుతాను.

మన సంఘాల్లో నలభై దాటిన వాళ్ళని ఒకసారి చూడండి. బీపీ ఉన్నవాళ్ళకి షుగరు కూడా ఉంటుంది. దానికి తోడు థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే టిఫిన్ కంటే మాత్రలే ఎక్కువ అని మనలో మనం నవ్వుకుంటాం.

ఇలాంటి వాళ్ళని పెద్దాసుపత్రుల్లో ఒక్కోసారి "క్లినికల్ ట్రయల్‌లో చేరతారా" అని అడుగుతారు. కొత్త మందు గానీ, కొత్త వైద్య పద్ధతి గానీ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని మనుషుల్లో చూసే పరీక్ష అది. అడగ్గానే కొందరు "మేమేమన్నా ఎలకలమా" అని లేచి వచ్చేస్తారు. కొందరు "డబ్బులిస్తారంట" అని వేలిముద్ర వేసేస్తారు. రెండూ వద్దని చెప్పడానికే నేను నిలబడ్డాను.

చాలా పరీక్షల్లో ఎక్కువ జబ్బులున్న వాళ్ళని తీసుకోరు. నాలుగు మందులు వాడే మనిషిలో ఏ మందు ఏం చేసిందో తేల్చడం కష్టం. కానీ రేపు ఆ మందు షాపులోకి వచ్చాక మింగేది ఎవరు? నాలుగు జబ్బులున్న మనమే కదా! మన ఒంట్లో అది ఎలా పనిచేస్తుందో మనలాంటి వాళ్ళు చేరితేనే తెలుస్తుంది.

దీనికి మన విశాఖపట్నంలోనే ఉదాహరణ ఉంది. షుగరుతో పాటు మనసు కుంగిపోయే జబ్బు, అదే డిప్రెషన్, రెండూ ఉన్న 404 మందితో విశాఖ, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ క్లినిక్కుల్లో ఒక పరీక్ష చేశారు. అక్కడ చూసింది కొత్త మందుని కాదు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి ఏడాది పాటు ఒక మనిషి తోడుండి, ఎలా ఉన్నారో కనుక్కుంటూ, డాక్టర్లకి చెబుతూ వచ్చారు. రెండేళ్ళకి చూస్తే, తోడు దొరికిన వాళ్ళలో ఎక్కువ మందికి దిగులూ తగ్గింది, దాంతో పాటు షుగరో, బీపీయో, కొలెస్ట్రాలో కూడా తగ్గింది. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండు జబ్బులున్న వాళ్ళు చేరబట్టే ఈ సంగతి తెలిసింది.

అలాగని కళ్ళు మూసుకుని చేరమని కాదు. 2019లో వచ్చిన కేంద్ర నిబంధనలు మనకి హక్కులిచ్చాయి. కాగితం మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రానివాళ్ళకి, ఆ పరీక్షతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఒక కాపీ మన చేతికివ్వాలి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు, దానివల్ల మన మామూలు వైద్యం ఆగకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. కాగితంలో నామినీ పేరు అడుగుతారు, బీమాలో రాసినట్టే. అది చూసి హడలిపోవద్దు.

సంతకానికి ముందు ఇవి అడగండి. నాకిచ్చేది కొత్త మందా, పాత మందా, మందు లేని ఉత్తి మాత్రా? చాలా పరీక్షల్లో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు, మన ఇష్టం ఉండదు. ఇప్పుడు వాడే మందులు ఆపాలా? ఎన్నిసార్లు రావాలి, దారి ఖర్చులు ఎవరివి? అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కాగితంలో ఎక్కడుంది?

వెళ్ళేటప్పుడు మందుల సంచీ మొత్తం తీసుకెళ్ళండి. మోకాళ్ళకి షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్ళలు, నాటుమందు, అన్నీ చూపించండి. నొప్పి బిళ్ళలు బీపీని పెంచుతాయి, కిడ్నీల్ని దెబ్బతీస్తాయి. దాచిపెడితే ముప్పు మనకే. పరీక్షలో తీసుకోరేమోనని ఒక జబ్బు దాచడం, రోజూ వేసుకునే మాత్ర మానేయడం అసలు చెయ్యొద్దు.

చివరి మాట లీడర్లకి. 2009లో ఉమ్మడి రాష్ట్రం ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన కార్యక్రమంలో, చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో దాన్ని ఆపేశారు. తర్వాత పార్లమెంటు సంఘం కూడా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట. ఒకరి ఒంటికి ఇంకొకరు సంతకం పెట్టడం తప్పు. రేపు ఎవరైనా వచ్చి "మీ సంఘంలో షుగరున్న వాళ్ళ లిస్టు ఇవ్వండి" అంటే ఇవ్వొద్దు. పొదుపు లెక్క మన పుస్తకంలో ఉంటుంది గానీ, సభ్యురాలి జబ్బు ఆమె సొంతం. లోను ఆగిపోతుందని గానీ, డబ్బు వస్తుందని గానీ చెప్పి ఎవరినీ చేర్చొద్దు.

అందుకే ఒక తీర్మానం కోరుతున్నాను. సభ్యురాలు కోరితే కాగితం చదివి వినిపించడానికి సంఘం నుంచి ఒకరు తోడు వెళ్ళాలి. నిర్ణయం మాత్రం ఆమెదే. వచ్చే గ్రామ సమాఖ్య సమావేశంలో దీన్ని మినిట్స్ పుస్తకంలో రాయించండి.