ఉద్యోగము విడిచిన పిదప మన పేరు



మనలో కొందరు పదవీవిరమణానంతరము ప్రైవేటు కంపెనీలలో సలహాదారులుగా చేరుచున్నారు. మన పిల్లలు మూడు నాలుగేండ్లకొక కొలువు మార్చుచున్నారు. ప్రభుత్వ కార్యాలయమున బదిలీ అయినవాని పేరుపలక దిగిపోవుటకు ఎన్నాళ్లో పట్టదు. బయట అట్లు కాదు. మనిషి వెడలిపోయినను పేరు నిలిచియుండును. వైద్యుడు మానివేసిన ఆసుపత్రి బోర్డుమీద, అధ్యాపకుడు విడిచిన కళాశాల తనిఖీ జాబితాలో, ఫార్మసిస్టు వెళ్లిపోయిన మందుల దుకాణపు లైసెన్సులో ఆ పేరు పనిచేయుచునే యుండును. జీతము మాత్రము రాదు.

ఈ విషయమునకై మన దేశమున ప్రత్యేక చట్టమేదియు లేదు. తీర్పులును, పలు చట్టములలో చెదరియున్న నిబంధనలును మనకు దిక్కు. 1994లో సుప్రీంకోర్టు రాజగోపాల్ కేసును విచారించినది. ఒక మరణశిక్షా ఖైదీ ఆత్మకథను 'నక్కీరన్' అను తమిళ పత్రిక ప్రచురింపవచ్చునా అనునది అందలి ప్రశ్న. తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ జీవన్ రెడ్డిగారు. ఒకరి పేరునుగాని రూపమునుగాని వారి సమ్మతి లేక ప్రకటనలకైనను, ఇతరమైన పనులకైనను వాడుకొనుట గోప్యతాహక్కునకు భంగమని అందు చెప్పబడినది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆ హక్కును ప్రాథమిక హక్కుగా స్థిరపరచినది.

అయితే మీరు ఫలానా యేడాది మొదలు ఫలానా యేడాదివరకు తమయొద్ద పనిచేసినారని పాత యజమాని చెప్పుకొన్నచో అది సత్యము. దానిని ఆపుట కష్టము. ఆపవలసిన పనియు లేదని నా అభిప్రాయము. మీరు వ్రాసిన గ్రంథముపై మీ పేరుండుట యన్ననో, కాపీరైటు యజమానిదే అయినను, రచయితనని చెప్పుకొను హక్కును 1957 నాటి కాపీరైటు చట్టము మీకే యిచ్చినది. మీరింకను అక్కడనే యున్నట్లు లోకమును నమ్మించుటలో దోషమున్నది.

అట్టిచోట మౌనము ప్రమాదకరము. 1932 నాటి భాగస్వామ్య చట్టము 28వ సెక్షను చూడుడు. తెలిసియుండియు తన్ను భాగస్వామిగా చూపనిచ్చినవాడు, ఆ మాట నమ్మి అప్పిచ్చినవానికి భాగస్వామివలెనే బాధ్యుడగును. పోనిమ్మని ఊరకున్న పెద్దమనిషికి ఇది గొడ్డలిపెట్టు. 2013 కంపెనీల చట్టమును ఇదే త్రోవ త్రొక్కినది. తన యెరుకగాని సమ్మతిగాని లేకుండ ప్రాస్పెక్టసు వెలువడినప్పుడు, తెలిసిన వెంటనే బహిరంగ ప్రకటన నిచ్చిన డైరెక్టరునకు 35వ సెక్షను రక్షణ కల్పించినది. రాజీనామా చేసిన డైరెక్టరు దాని ప్రతిని తానే నేరుగా రిజిస్ట్రారునకు పంపుకొనవచ్చును. కంపెనీ పంపునులే యని కూర్చుండవలదు.

మొదట చేయవలసినది ఉత్తరము వ్రాయుట. ఉద్యోగము విడిచిన తేదీ, పేరు కనబడినచోటు, తొలగించుటకు పదునైదు దినముల గడువు అందు పేర్కొని, ఆ బోర్డు ఛాయాచిత్రమును జతపరచి, స్పీడుపోస్టులో పంపి రసీదు దాచుకొనుడు. మందుల దుకాణమైనచో లైసెన్సు ఇచ్చు అధికారికిని, కళాశాలయైనచో దానిని తనిఖీచేయు సంస్థకును ఒక ప్రతి పంపుడు. పెక్కు వ్యవహారములు ఈ రెండవ ప్రతితోనే సర్దుకొనును! మీ సంతకమునే సృష్టించిరేని అది ఫోర్జరీ, పోలీసులయొద్దకు పోవలెను.

అప్పటికిని లొంగకున్న, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము క్రింద సివిలు కోర్టునుండి నిషేధాజ్ఞ కోరవచ్చును. నష్టపరిహారముపై మాత్రము పెద్ద ఆశలు పెట్టుకొనరాదు. తన రూపముతో బొమ్మలు చేసి యమ్మినవారిపై గాయకుడు దలేర్ మెహందీ పక్షమున వేసిన దావాలో, 2010లో ఢిల్లీ హైకోర్టు ఇప్పించినది లక్ష రూపాయలు. అంతటివానికే అంత, సామాన్యుని పేరునకు అంగడిలో ధర నిరూపించుట సులభము కాదు.

చేరునాడు సంతకముచేసిన పత్రములను గూడ చదువవలెను. పేరును, ఫోటోను కాలపరిమితి లేక వాడుకొనుటకు అందు సమ్మతించియుంటిరేమో! 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొను హక్కును చేర్చినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. విడిచిపోవునాడు రాజీనామా అంగీకరించిన పత్రమును తప్పక చేతికి తీసికొనుడు. ఆ తేదీ లేనిదే పై వాదములలో నేదియు నిలువదు.