దుబాయి ఎంత దూరం? ఎన్ని గంటలు?



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ బస్తీల్లో దుబాయి మాట కొత్త కాదు. ఒకరి భర్త అక్కడ ఉంటాడు. ఇంకొకరి తమ్ముడు ఉంటాడు. ఇళ్లల్లో పని కోసం ఆడవాళ్లు కూడా పోతారు. మరి దుబాయి ఎంత దూరం? ఎన్ని గంటలు పడుతుంది? ఈ లెక్క తెలియకపోతే ఒక్కోసారి వేల రూపాయలు పోతాయి.

ముందు దూరం చూద్దాం. ఎల్.బి. నగర్ చౌరస్తా నుంచి విజయవాడ సుమారు 260 కిలోమీటర్లు. బస్సులో ఐదారు గంటలు పడుతుంది. హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. అంటే దాదాపు పది రెట్లు! అయినా విమానం నాలుగు గంటల్లో చేరుతుంది. పైకి లేచాక అది గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది మరి.

తిరిగి వచ్చేటప్పుడు మూడున్నర గంటలే పడుతుంది. ఎందుకు? చాలా ఎత్తున గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనుక నుంచి తోస్తుంది.

ఇప్పుడు గడియారం సంగతి. ఒక అక్క టికెట్టు చూసింది అనుకుందాం. బయలుదేరేది 10:00. చేరేది 12:30. "రెండున్నర గంటలే గదా!" అనుకుంది. కాదు. టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. పొద్దు ముందు మనకు పొడుస్తుంది, తర్వాత దుబాయికి. అందుకే దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఇక్కడ 10 అయితే అక్కడ 8:30. ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నరకు ఎంత? నాలుగు గంటలు. లెక్క సరిపోయింది.

ఫోను చేసేటప్పుడు కూడా ఇదే లెక్క. అక్కడ సాయంత్రం 6 గంటలకు పని దిగితే, ఇక్కడ ఏడున్నర అవుతుంది.

టికెట్టు మీద పగలు, రాత్రి అని రాయరు. 13 అంటే మధ్యాహ్నం ఒంటిగంట. 22 అంటే రాత్రి పది. పన్నెండు దాటిన అంకె ఉంటే అందులోంచి 12 తీసేయాలి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు తేదీ దగ్గర జరుగుతుంది. టికెట్టు మీద 15వ తేదీ, 00:30 అని ఉంది. అంటే ఏమిటి? 14వ తేదీ రాత్రి పన్నెండు కొట్టగానే 15 వచ్చేస్తుంది. అరగంటకు విమానం లేస్తుంది. "15 రాత్రి పోదాం లే" అని ఇంట్లో కూర్చుంటే అది ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది! టికెట్టు డబ్బులు పోతాయి. అప్పు తెచ్చి కొన్నదైతే వడ్డీ మిగులుతుంది.

2008 మార్చి దాకా విమానాలు బేగంపేట నుంచి లేచేవి. ఇప్పుడు శంషాబాదు పోవాలి. దేశం దాటే విమానానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. 00:30 విమానానికి రాత్రి 9:30 కల్లా చేరాలి. దారిలో రద్దీ ఉంటుంది. కాబట్టి ఎల్.బి. నగర్‌లో 14వ తేదీ రాత్రి 8 గంటలకే బయలుదేరాలి.

టికెట్టు చేతికి రాగానే మూడు చూడండి. తేదీ ఎంత? టైము ఎంత? పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? ఏజెంటు నోటితో చెప్పినా సరే, మీ కళ్లతో చదవండి. అంకెలు ఇప్పుడు మీకు వచ్చు గదా!