గద్దకు కులం అంటగట్టినోళ్లు ఎవరు?

(అడిక్‌మెట్‌లో బస్తీ పిల్లలు తీసిన పిట్టల ఫోటోలను కమ్యూనిటీ హాలు గోడలకు అంటించిన రోజున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ గోడలు చూస్తూ మనవాళ్లే ఇద్దరు ముగ్గురు మమ్మల్ని అడిగారు. "ఇండ్ల జాగలు లేవు, కూలి గిట్టుబాటు లేదు, హాస్టల్లో పిల్లలకు సరైన తిండి లేదు. ఇవన్నీ ఉండగా పిట్టల ఫోటోలు ఏంది సారూ? ఇది ఉన్నోళ్ల సరదా కాదా?" అని. న్యాయమైన ప్రశ్నే. దాటవేయం. ఇవాళ మా మాటలన్నీ దానికి జవాబే.

ముందు ఆ మూలన ఉన్న ఫోటో చూడండి. కోళ్ల దుకాణం పైన కరెంటు తీగ మీద కూర్చున్న గద్ద. ఎనిమిదో తరగతి పిల్ల తీసింది. హైదరాబాదులో ఎక్కడ తలెత్తినా కనపడే పిట్ట ఇది. దీనికి ఇంగ్లీషు పుస్తకాల్లో ఏం పేరు పెట్టారో తెలుసా? 'పరయా కైట్'. అంటే పరయ గద్ద. పరయలంటే ఎవరు? తమిళనాడులో పర అనే డప్పు కొట్టిన మన అన్నదమ్ములు. మన దగ్గరైతే మాల గద్ద, మాదిగ గద్ద అన్నట్టు. ఎందుకట? చచ్చిన ఎలుకలు, పారేసిన పేగులు తిని ఊరును శుభ్రం చేస్తుంది కాబట్టి.

ఇంకో గద్ద ఉన్నది. తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుక రంగు. చెరువుల దగ్గర, సముద్రం ఒడ్డున తిరుగుతుంది. విష్ణుమూర్తి వాహనమని దాన్ని గరుడ అంటారు, కనపడితే దండం పెడతారు. దాని ఇంగ్లీషు పేరు 'బ్రాహ్మినీ కైట్', అంటే బాపన గద్ద. మరి ఇదేం తింటుంది? పప్పన్నమా? చచ్చిన చేపలు, పీతలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కుళ్లు. రెండింటిదీ ఒకటే పని, ఇంచుమించు ఒకటే కూడు. ఒకదానికి దండం, ఒకదానికి వెలి! ఈకల రంగు చూసి కులం రాశారు.

సలీం అలీ ఈ దేశానికి పిట్టలను చూడటం నేర్పిన పెద్దమనిషి. 1941లో ఆయన వేసిన పుస్తకంలో కూడా పరయ గద్ద అనే ఉన్నది. ఆయన పెట్టిన పేరు కాదు, అంతకు ముందు నుంచీ ఉన్నదే. ఇప్పటి పుస్తకాలు దాన్ని 'బ్లాక్ కైట్' అంటున్నాయి. మంచిదే. కానీ బాపన గద్ద మాత్రం ఇప్పటికీ బాపన గద్దే. వెలివాడ పేరు చెరిపేశారు, అగ్రహారం పేరు అట్లాగే ఉంచారు. మా పిల్ల తన ఫోటో కింద రాసింది చూడండి: 'గద్ద'. అంతే. గద్దకు కులం లేదు.

రెండో సంగతి. పిట్టల ఫోటోలు తీసేవాళ్లు తెల్లారకముందే చెరువు గట్టుకు పోతారు. అక్కడే నీటిపిట్టలు దొరుకుతాయి. అయితే చెరువు అందరికీ ఒకే తీరుగా కనపడదు. మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, పిట్టలు తాగొచ్చు, అంటరానివాడు తాగరాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో పోయి ఆ నీళ్లు దోసిట పట్టి తాగాడు. 1985లో కారంచేడు గొడవ మొదలైంది కూడా మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గరే. మర్నాడు, జులై 17న, ఆరుగురిని నరికి చంపారు. గట్టు మీద కెమెరా పట్టుకున్న బాబుకు కొంగ కనపడుతుంది. మనకు కొంగా కనపడుతుంది, కారంచేడూ కనపడుతుంది. రెండూ చూసే కళ్లు ఆ కెమెరా వెనక ఉండాలా వద్దా?

మూడో సంగతే అసలు సంగతి. పిట్టను ఎరిగినవాడు ఎవడు? నాగలి వెంట నడిచే కొంగలను, గోరింకలను ఏళ్ల తరబడి చూసింది మనం. బడికి పోయే వయసులో జొన్నచేల మంచె ఎక్కి, వడిసెల తిప్పి పిట్టలను తోలింది మన పిల్లలు. ఏ పిట్ట ఏ పొద్దుకు కూస్తుందో, ఏ పొద కింద గుడ్లు పెడుతుందో చెంచులకు, యానాదులకు, ఎరుకలకు, పిట్టలోళ్లకు తెలిసినంత ఎవరికి తెలుసు? కాగితం మీద లేదు కాబట్టి అది చదువు కాదన్నారు.

కడప జిల్లాలో కలివి కోడి అని ఒక పిట్ట ఉన్నది. కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఊరివాళ్లు పెట్టుకున్న పేరు. ఈస్టిండియా కంపెనీ డాక్టరు జెర్డాన్ పేరు మీద ఇంగ్లీషులో దాన్ని 'జెర్డాన్స్ కోర్సర్' అన్నారు. 1848లో శాస్త్రం రికార్డులకు ఎక్కింది. 1900 తర్వాత శాస్త్రవేత్తలకు కనపడలేదు. ఎంతమంది వెతికినా దొరకలేదు. అంతరించిపోయింది అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్లీ వెతకడానికి భరత్ భూషణ్ అనే శాస్త్రవేత్తను పంపింది. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో ఆ పిట్టను పట్టుకున్నది ఎవరు? ఐతన్న. ఆ ఊరి వేటగాడు. రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికితే దొరుకుతుందా? 86 ఏళ్లు పెద్ద చదువులకు దొరకని పిట్ట ఒక్క టార్చిలైటుకు దొరికింది.

ఆ పిట్ట బతకలేదు. కానీ దాని కోసం అడవిని అభయారణ్యం చేశారు. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ల వేశారు. బిళ్ల మీద పిట్ట ఉన్నది, ఇంగ్లీషు దొర పేరు ఉన్నది. ఐతన్న లేడు. ఆయన పేరు ఎవరో నిజాయితీగా రాసి పెట్టారు కాబట్టే మనకు ఇవాళ తెలిసింది. పేరు రాయకపోతే 'స్థానికుడు ఒకడు' అయిపోయేవాడు. అట్లా 'స్థానికుడు ఒకడు' అయిపోయిన మనవాళ్లు ఎంతమందో! 2025లో కడప జిల్లాలోనే కలివి కోడి కూత మళ్లీ రికార్డు చేశారు. ఈసారైనా దారి చూపేవాళ్ల పేర్లు ఉండాలని అడగాల్సింది మనమే.

పేరు దగ్గర మనం లేం. మరి కేసు దగ్గర? అక్కడ ముందు వరసలో ఉంటాం. పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు చూస్తే పుణ్యమట. పొద్దున లేచి పొలం గట్టుకు పోయే ఓపిక లేనివాళ్ల కోసం పాలపిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి గల్లీ గల్లీ తిప్పుతారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, జైలు ఉన్నది. ఆ పంజరాన్ని మేం సమర్థించడం లేదు. కట్టేసిన రెక్కల బాధ మనకు తెలియదా? కానీ జైలుకు పోయేది ఎవరు? పంజరం మోసినవాడు. పైసలిచ్చి దండం పెట్టుకున్నవాడు పుణ్యం మూటగట్టుకుని ఇంటికి పోతాడు. తరతరాల వృత్తిని చట్టం ఆపింది, సరే. ఆ చేతులకు ఇంకో పని చూపింది ఎవరు?

చూపొచ్చని మేం అంటున్నాం. పిట్టను పట్టే చూపూ పిట్ట ఫోటో తీసే చూపూ ఒకటే. కదలకుండా కూర్చోవడం, గాలి వాటం చూడటం, కూత విని చోటు పట్టడం. వల బదులు కెమెరా, అంతే తేడా.

కెమెరాకు డబ్బులెక్కడివి? దూరపు పిట్టను తీసే 400, 600 మిల్లీమీటర్ల లెన్సు మంచిదైతే లక్ష దాటుతుంది. అది మన వల్ల కాదు. మేం కొందరు టీచర్లం చందాలు వేసుకుని ఒక పాత కెమెరా కొన్నాం. మిగతావి ఫోన్లే. ఆదివారం పొద్దున పిల్లలను తీసుకుని పక్కనే ఉన్న ఉస్మానియా క్యాంపస్‌కు నడుస్తాం. ఒకసారి ఇంకోచోట, ఒక పార్కు గేటు దగ్గర, కాపలాదారు పిల్లలను ఆపి "ఈ కెమెరా ఎక్కడ కొట్టేశార్రా?" అన్నాడు. దానికి మూడింతల కెమెరాతో ఒకాయన అదే గేటులోంచి పోయాడు, ఆయన్ని ఎవరూ అడగలేదు. మన పిల్లలు వెనక్కి రాలేదు. అక్కడే నిలబడి, గేటు మీద వాలిన కాకిని తీశారు. అదిగో, తలుపు పక్కనున్న ఫోటో అదే.

ఊళ్లలో ఈ పని మొదలుపెట్టే కార్యకర్తలకు నాలుగు మాటలు. సూర్యుడు వీపు వెనక ఉండేటట్టు నిలబడండి. పిట్ట కన్ను స్పష్టంగా రావాలి. ఎగిరే పిట్టకు సెకనులో వెయ్యో వంతు వేగం పెట్టండి. గూటి దగ్గరకు పోవద్దు, తల్లి లేచిపోతే గుడ్లు పాడవుతాయి. కూత రికార్డు పెట్టి పిట్టను పిలిచి ఏడిపించవద్దు. ఫోటో కింద తేదీ, ఊరు, మీ ఇంట్లో పిలిచే పేరు రాయండి. ఆ పిట్టను చూపించిన మనిషి పేరు కూడా తప్పకుండా రాయండి. అమ్మమ్మ చూపిస్తే అమ్మమ్మ పేరు రాయండి.

2025లో హైదరాబాదును గళ్లు గళ్లుగా విడదీసి పిట్టలను లెక్కించే పని మొదలైంది. ఆ గళ్లలో మన బస్తీలూ ఉన్నాయి. అక్కడ లెక్క మన పిల్లలు రాయాలి. అడవి శాఖ దారి చూపే పనులు ఇస్తే, పిట్టలోళ్ల పిల్లలకు, చెంచు పిల్లలకు ముందు ఇవ్వాలి. రోజు కూలిగా కాదు, నెల జీతంగా. సర్కారు బడికి ఒక దుర్భిణి, ఒక కెమెరా ఇవ్వమని ప్రతి ఊళ్లో దరఖాస్తు పెట్టాలి.

ఇండ్ల జాగల పోరాటం ఆగదు, కూలి పోరాటం ఆగదు. కానీ మన కళ్లు చూసిన దానికి ఇంకొకరు పేరు పెట్టే కాలం కూడా ఆగాలి. అది కూడా పోరాటమే. జై భీమ్!