పాత మిషను – దొరకని సామాను

(ఒక ఊరి రాత్రి బడిలో వడ్రంగి మేస్త్రి చేసిన ప్రసంగం)



మన పంతులమ్మగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాను. ఉలీ సుత్తీ పట్టుకునేవాణ్ణి. అందుకని నా పని సంగతే చెప్తాను.

నా దగ్గర మూడు కరెంటు మిషన్లు ఉన్నాయి. ఒకటి డ్రిల్లు మిషను. ఒకటి రంద మిషను. ఒకటి నాలుగంగుళాల గ్రైండరు. మూడూ ఒకరు వాడి అమ్మినవే. కొత్తవి కొనే తాహతు నాకు లేదు. మన ఊళ్ళో గేట్లు చేసేవాళ్ళకూ, టైల్స్ వేసేవాళ్ళకూ చాలామందికి ఇదే సంగతి.

పాత మిషను కొనడం తేలికే. కొన్నాళ్ళకు అందులో ఏదో ఒక ముక్క పోతుంది. అప్పుడు మొదలవుతుంది తిరుగుడు. "ఈ మోడలు ఇప్పుడు రావడం లేదు" అంటాడు షాపాయన. మరి మిషను పారేయాలా?

అక్కర్లేదు. మిషను మీద కంపెనీ పేరు ఒకటే ఉంటుంది. లోపలి సామాను అంతా ఆ కంపెనీ చేసింది కాదు. బేరింగులు వేరే చోట తయారవుతాయి. వాటికి లోకమంతా ఒకే నంబర్లు, ఒకే కొలతలు. నంబరు తెలిస్తే ఏ బేరింగుల షాపులోనైనా ఇస్తారు. ఈ సంగతి నాకు తెలియక నేను నష్టపోయాను. ఆ కథ చెప్తాను.

అప్పటికి నాకు చదువు రాదు. డ్రిల్లు మిషను గరగరమంటోంది. విప్పి చూస్తే వెనక బేరింగు అరిగిపోయింది. దాన్ని అక్కడే పారేసి బజారుకు పోయాను. షాపులో వేళ్ళతో చూపించి "ఇంత బేరింగు ఇవ్వండి" అన్నాను. ఆయన ఇచ్చాడు. ఇంటికొచ్చి పెట్టాను. గూట్లో చక్కగా కూర్చుంది. కానీ ఇరుసు మీద వదులు. నేనేం చేశాను? పౌడరు డబ్బా రేకు కత్తిరించి ఇరుసుకు చుట్టాను. బిగిసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం రెండు రోజులు. మూడో రోజు రేకు అరిగింది. ఇరుసు ఊగింది. లోపల తిరిగే ఆర్మేచరు పక్క ఇనుముకు రాసుకుంది. పొగ వచ్చింది. వాసన వచ్చింది. వంద రూపాయలు కూడా లేని బేరింగు కోసం ఆర్మేచరుకు మళ్ళీ తీగ చుట్టించాల్సి వచ్చింది. ఆ డబ్బు మా ఇంట్లో నెల బియ్యం డబ్బు. మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ చెప్పను.

తర్వాత ఒక మోటారు వైండింగ్ మేస్త్రి అసలు సంగతి చెప్పాడు. నాకు కావలసింది 627. నేను తెచ్చింది 608. రెండూ బయట కొలత 22 మిల్లీమీటర్లే. మందం కూడా రెండూ 7 మిల్లీమీటర్లే. పక్కపక్కన పెడితే కవల పిల్లలే. లోపలి బెజ్జం మాత్రం ఒకదానికి 7, ఒకదానికి 8. ఒక్క మిల్లీమీటరు! కంటికి ఆనదు. కానీ నంబరు చెప్తుంది. 627లో చివర 7 ఉంది కదా, బెజ్జం 7. 608లో చివర 8 ఉంది కదా, బెజ్జం 8.

కాస్త పెద్ద బేరింగుల మీద నాలుగంకెలు ఉంటాయి. 6200కి బెజ్జం 10 మిల్లీమీటర్లు. 6201కి 12. 6202కి 15. 6203కి 17. అక్కడి నుంచి లెక్క తేలిక. చివరి రెండంకెల్ని 5తో హెచ్చించడమే. 6204 అంటే నాలుగైదులు ఇరవై. మన ఎక్కాల పుస్తకం ఇక్కడ పనికొచ్చింది చూడండి! అంకెల తర్వాత ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటాయి. జెడ్ జెడ్ అని ఉంటే పక్కన రేకు మూత. ఆర్ ఎస్ అని ఉంటే రబ్బరు మూత. అవి కూడా రాసుకోండి. దుమ్ములో పనిచేసే మిషనుకు మూత లేని బేరింగు వేయకండి.

నంబరు ఎక్కడుంటుంది? బేరింగు అంచు మీద సన్నగా చెక్కి ఉంటుంది. కిరోసిను గుడ్డతో తుడిచి ఎండలో తిప్పి చూడండి. చెరిగిపోతే కొలవాలి. బెజ్జం, బయట, మందం, ఈ మూడూ కావాలి. లేతు పట్టేవాళ్ళ దగ్గర వెర్నియర్ ఉంటుంది. అడిగితే కొలిచి ఇస్తారు. పాత ముక్కను మాత్రం పారేయకండి. జేబులో పెట్టుకునే షాపుకు పోండి.

ఇక కార్బన్లు. మోటారులో రాగి పట్టీల చక్రానికి ఆనుకుని రెండు నల్లటి ముక్కలు ఉంటాయి. అవి అరిగితే మిషను ఆగి ఆగి తిరుగుతుంది, నిప్పులు చిమ్ముతుంది. సరిపోయే కార్బను దొరక్కపోతే కాస్త పెద్దది కొనండి. చదునైన పలక మీద సన్న గరుకు కాగితం పరచి నెమ్మదిగా రుద్దండి. గూట్లో జారాలి, ఊగకూడదు. రెండూ ఒకేసారి మార్చండి. పెట్టాక కాసేపు పని లేకుండా ఉత్తగా తిప్పండి. కొందరు టార్చి సెల్లులోని కార్బను పుల్లను చెక్కి పెడతారు. ఆ పని చేయకండి. అది ఈ పనికి తగిన కార్బను కాదు. రాగి చక్రాన్ని పాడుచేస్తుంది.

రంద మిషను బెల్టుకు పళ్ళు లెక్కపెట్టండి, వెడల్పు కొలవండి. పిడి విరిగితే టేకు ముక్కతో చేసుకోండి, నేనూ అదే చేశాను. ఇత్తడి బుష్షు లేతు మీద పట్టించవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అరగంట పని. కానీ పళ్ళ చక్రాలు చేయించబోకండి. ఖర్చు ఎక్కువ, కుదరడం తక్కువ. దానికి మంచి దారి చచ్చిన మిషను. అదే మోడలు మిషను మోటారు కాలిపోయి పాత ఇనుము కొట్లో పడి ఉంటుంది. తూకానికి ఇస్తారు. దాని పళ్ళ చక్రాలు, స్విచ్చి, మూతలు అన్నీ మనకు పనికొస్తాయి. సికింద్రాబాదు రాణీగంజికి పోయేవాళ్ళు ఉంటే మిషను రేకు మీది మోడలు నంబరు కాగితం మీద రాసి ఇచ్చి పంపండి. ఆ రేకు మీద ఓల్టులు కూడా చూడండి. బయటి దేశాల నుంచి తెచ్చిన మిషను మీద 110 అని ఉంటే మన కరెంటుకు పెట్టగానే కాలిపోతుంది.

ఇప్పుడు చెప్పేది నాకు కష్టమైన మాట.

మా బావమరిది గేట్లు చేస్తాడు. ఒకరోజు లావు పైపు కోయాలి. నాలుగంగుళాల డిస్కు చాలలేదు. ఏడంగుళాల డిస్కు ఒకటి దొరికింది. దాని బెజ్జం 22 మిల్లీమీటర్లు. మా చిన్న గ్రైండరుకు కావలసింది 16. "బావా, మధ్యలోకి ఒక రింగు చేసి పెట్టవా?" అన్నాడు. చేసి పెట్టాను. రింగు చక్కగా కుదిరింది. డిస్కు పెద్దది కదా, గార్డు అడ్డొచ్చింది. గార్డు కూడా నేనే ఊడదీశాను.

ఆ డిస్కు మీద 8,500 అని రాసి ఉంది. నిమిషానికి అన్ని చుట్లు దాటకూడదని అర్థం. మా గ్రైండరు రేకు మీద 11,000 అని ఉంది. అప్పటికి నాకు అంకెలు వచ్చు. ఈ బడిలోనే నేర్చుకున్నాను. కానీ చూడలేదు. డిస్కు పగిలింది. ముక్క వచ్చి మావాడి కనుబొమ్మ మీద తగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. కన్ను దక్కింది. ఇంకో అంగుళం కిందికి తగిలి ఉంటే మా అత్తగారికి నా ముఖం ఎలా చూపించేవాణ్ణో!

అందుకని నేను ఇప్పుడు కొన్ని ముక్కలు చేయను. ఎంత డబ్బు ఇచ్చినా చేయను. డిస్కుకు రింగు చేయను. డిస్కు బిగించే నట్టు చేయను. గార్డు లేని గ్రైండరు బాగుచేయడానికి వస్తే ముందు గార్డు తెమ్మంటాను. స్విచ్చి పోతే కొందరు వైర్లు డైరెక్టుగా కలిపేస్తారు. ప్లగ్గు పెట్టగానే మిషను నేల మీద ఎగురుతుంది. కాలి మీదికి వస్తుంది. కొత్త స్విచ్చి కొనండి, అది దొరికే సామానే.

సరే, చాలాసేపు మాట్లాడాను. ఈ సంచిలో నాలుగు పాత బేరింగులు తెచ్చాను. తుడిచే ఉన్నాయి. వరసకు ఒకటి ఇస్తాను. నంబరు చదివి పలక మీద రాయండి. బెజ్జం ఎంతో కూడా రాయండి. అక్కా, మీరు మొదలుపెట్టండి. తమ్ముడూ, ఆ లైటు కాస్త ఇటు తిప్పు.