కక్కు కొట్టినవాళ్లు ఏమయ్యారు?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేతిపనుల గురించి మాట్లాడమన్నారు. అది పెద్ద విషయం. నేను ఒక్క పని గురించే చెబుతాను. రోళ్లకు, విసుర్రాళ్లకు కక్కు కొట్టే పని.

గుత్తివాళ్లకు రాయి గురించి వేరే చెప్పాలా! తలెత్తితే దుర్గమే. దాన్ని ఏలిన మురారిరావు పేరు, 1776లో పట్టుకున్న హైదర్ అలీ పేరు పిల్లలు కూడా చెబుతారు. రాయి తొలిచినవాళ్ల పేరు ఒక్కటైనా మనకు తెలియదు.

పూర్వం కంసాలి, కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, ఈ ఐదు పనులవాళ్లను పంచాణంవారు అనేవాళ్లు. కాసె అంటే రాతిపనివాడు. పని నేర్పడం, తగవు తీర్చడం వాళ్లలో వాళ్లే చూసుకునేవాళ్లు. మనవాళ్లలో ఆ పని పట్టినవాళ్లకు తురక కాసె అని పేరు. పత్తర్ ఫోడ్ అన్నా, చక్కీ టాకనేవాలే అన్నా ఈ బాపతువాళ్లే.

ఆ పని తేలికని అనుకోవద్దు. వాడగా వాడగా రోలు నునుపెక్కుతుంది, పప్పు జారిపోతుంది కానీ నలగదు. అప్పుడు ఉలితో సన్నసన్న గుంటలు పెట్టాలి. లోతు ఎక్కువైతే రాతిపొడి పిండిలో పడుతుంది, తక్కువైతే నెలకే మళ్లీ నునుపు. ఆ అందాజు చేతికి రావాలి, చెబితే రాదు. మొన అరిగితే కొలిమిలో కాల్చి నీళ్లు పట్టించాలి. కూలి జొన్నలో, కొర్రలో. ఒకరు తిరిగే ఊళ్లకు ఇంకొకరు పోకూడదనేది నోటిమాట కట్టుబాటు.

మొదటి దెబ్బ రైలుతో వచ్చింది. 1871లో మద్రాసు, బొంబాయి మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి మన గుత్తిమీదుగానే. రైలుదారికి కంకర కావాలి. కంకరకు నేర్పుతో పనేముంది? గంపల లెక్క చాలు. తర్వాత కరెంటుతో పిండిమర, ఆ వెనక మిక్సీ, గ్రైండరు. అక్కలారా, మీ రెక్కలకు విశ్రాంతి దొరికింది, రోలును వెనక్కి తెమ్మని నేననను. కానీ గ్రైండరులో ఉన్నదీ రాయే, అదీ నునుపెక్కేదే. దానికి కక్కు కొట్టే మనిషి కోసం వెతుక్కునే రోజులొచ్చాయి.

2007లో రాష్ట్రం చేసిన రిజర్వేషన్ చట్టంలో, బి.సి.-ఇ పట్టికలో, 'రోళ్లకు కక్కు కొట్టేవారు' అని అచ్చంగా ఈ పేరే ఉంది. సర్టిఫికెట్ కోసం ఆ పేరు చెప్పుకునేవాళ్లు, పెళ్లిచూపుల్లో మాత్రం దాచుకుంటారు. ఇందులో సిగ్గేమిటో నాకు అర్థం కాదు.

నాకు సిగ్గనిపించేది ఇంకొకటి. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు క్రషర్లకు, బండల పాలిష్ పనికి పోతున్నారు. రేటు యజమాని చెప్పిందే, అడిగే కట్టు లేదు. దగ్గొస్తే క్షయ అనుకుని మందులు మింగుతారు. అది రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ కావచ్చు. పట్టుకుంటే నయం కాదు. అది కనిపిస్తే సర్కారుకు తెలియజేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. రోజుకూలికి పోయేవాడి పేరు ఏ ఫ్యాక్టరీ రిజిస్టరులో ఉంటుంది?

అందుకని మన సంఘమే ఒక పుస్తకం పెట్టాలి. ఏ ఇంట్లో ఎవరు దుమ్ములో పనిచేస్తున్నారు, ఎన్నేళ్లుగా, ఎవరికి ఆయాసం, ఎవరికి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, అన్నీ రాద్దాం. ఉలి ఇంకా ఎవరి దగ్గర ఉందో కూడా రాద్దాం. నేర్చుకునే కుర్రవాడు ఒక్కడైనా దొరకవచ్చు. పుస్తకం నేను తెచ్చాను. సభ అయ్యాక గుమ్మం దగ్గరే కూర్చుంటాను.