గుంటనక్క ఇల్లు



పిల్లలకు కథ చెప్పవలసి వస్తే మనకు ముందుగా గుర్తొచ్చేది నక్కే. అందని ద్రాక్షపళ్లు పుల్లనన్న నక్క, కాకిని పొగిడి నోటి ముక్క కాజేసిన నక్క! ఎవరైనా జిత్తులమారి అయితే ‘గుంటనక్క’ అంటాం. అనుకోకుండా అదృష్టం కలిసివస్తే ‘నక్కతోక తొక్కి వచ్చావా?’ అంటాం. రోజుకొకసారైనా తలచుకునే ఆ గుంటనక్క అసలెలా ఉంటుంది, ఏం తిని బతుకుతుంది అంటే మాత్రం మనలో చాలామందిమి తెల్లమొహం వేస్తాం. ఈపూట దాని సంగతి చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న తేడా గమనించాలి. సాయంకాలం ఊరి బయట గుంపుగా ఊళ వేసేది పెద్ద నక్క. గుంటనక్క వేరు, అది చాలా చిన్నది. రెండు మూడు కిలోలు, మహా అయితే నాలుగు కిలోల బరువు. అంటే దాదాపు మన ఇంటి పిల్లంత, అంతే. సన్నని కాళ్లు, కోసు మూతి, నిక్కపొడుచుకున్న చెవులు. ఒంట్లో సగానికి పైగా ఉండే కుచ్చుతోక, ఆ తోక చివర నల్లగా కాటుక అద్దినట్టుంటుంది. నేలలో గుంట తవ్వుకొని కాపురం చేస్తుంది గనుక మనవాళ్లు దానికి గుంటనక్క అని పేరు పెట్టారు. ఇంగ్లీషువారు బెంగాల్ నక్క అన్నారు గాని, హిమాలయాల కింది నేల మొదలు దక్షిణాది చివరి వరకూ ఇది ఉంది. మన భారత ఉపఖండంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు.

దీనికి ఆఫ్రికాలోని సహారా ఎడారిలో ఒక చిన్న చుట్టం ఉంది. దాని పేరు ఫెన్నెక్. బరువు కిలో, కిలోన్నర. చెవులు మాత్రం చాలా పెద్దవి! ఆ చెవులతో ఇసుక కింద పురుగు కదిలినా వింటుంది, ఒంట్లోని వేడినీ బయటకు పంపేస్తుంది. అరికాళ్లకు వెంట్రుకలుండటం వల్ల కాలే ఇసుకలో కూడా నడవగలుగుతుంది. పగలంతా బొరియలో చల్లగా పడుకొని రాత్రిపూట వేటకు వస్తుంది. మన గుంటనక్క ఎడారిది కాదు గాని, దాని పద్ధతీ దాదాపు ఇదే. ఎండ వేళ గుంటలో, సందె వాలాక బయట. చెట్లు కమ్ముకున్న అడవి దానికి సరిపడదు. పొట్టిగడ్డి మొలిచిన మైదానం, అక్కడక్కడ రేగుపొదలు, రాళ్ల గుట్టలు, పడావు పడిన చెలకలు, ఇవీ దానికి కావలసినవి.

ఇక తిండి. మేకను, గొర్రెను పట్టేంత శక్తి దానికి లేదు. ఎప్పుడైనా ఓ కోడిపిల్లను ఎత్తుకుపోతే పోవచ్చు. అసలు ఆహారం చెదలు, మిడతలు, పేడపురుగులు, పొలం ఎలుకలు, తొండలు, నేలమీద గూళ్లు పెట్టే పిట్టల గుడ్లు. రేగుపళ్లు, వేపపళ్లు, నేరేడుపళ్లు కూడా ఇష్టంగా తింటుంది. శనగచేలో లేత కాయలు సైతం రుచి చూస్తుంది. ఎలుకలనూ మిడతలనూ తినే ప్రాణి రైతుకు శత్రువెలా అవుతుందో మీరే ఆలోచించండి.

దాని సంసారం చూస్తే ముచ్చట వేస్తుంది. ఆడా మగా జంటగా ఉంటాయి. చలికాలంలో జతకట్టి, సుమారు 50 రోజులకు రెండు నుంచి నాలుగు పిల్లలను పెడతాయి. పిల్లల్ని కాపాడటంలో తండ్రికీ బాధ్యత ఉంది. తల్లి గుంటలో ఉంటే తండ్రి మేత తెస్తుంది, కాపలా కాస్తుంది. గుంటకు ఒకటే వాకిలి ఉండదు, చాలా వాకిళ్లుంటాయి. ఒకవైపు నుంచి ఆపద వస్తే మరోవైపు నుంచి తప్పించుకోవాలి కదా! కుదిరిన గుంటను ఏటేటా బాగుచేసుకొని వాడుకుంటాయి. అంటే అది వాటికి సొంత ఇల్లన్నమాట.

ఆ ఇంటికి ఇప్పుడు ముప్పు వచ్చింది. మా గరిడేపల్లి వైపు సంగతే చూడండి. ఒకప్పుడు మెట్ట నేలలు, జొన్న, ఆముదం, కంది పండే చెలకలు. 1967 ఆగస్టులో ప్రధాని ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతమంతా వరి పొలమైంది. అంతకు ముందు వానకోసం ఆకాశం వంక చూసిన ఇళ్లలో గాదెలు నిండాయి. ఆ నీటిని కాదనేవాళ్లం ఎవరూ లేము. కాని నీరు నిలిచిన మడిలో గుంట తవ్వుకొనే ప్రాణికి చోటుండదు గదా! కాలువ ఎక్కని మెట్టలు, గుట్టల అంచులు, బంచరాయి భూములు, అవే దానికి మిగిలాయి. ఇప్పుడు వాటినీ ఇళ్ల ప్లాట్లుగా గీస్తున్నాం, మట్టి కోసం తవ్వుతున్నాం.

మన మాటలోనే ఒక పొరపాటుంది. గడ్డినేలను ‘బంజరు’ అంటాం, ‘ఉత్త నేల’ అంటాం. అక్కడ నీలగిరి మొక్కలు వరుసగా నాటితే పచ్చదనం వచ్చిందని సంబరపడతాం. గుంటనక్కకు ఆ తోట అక్కరకు రాదు, దానికి గడ్డి కావాలి. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో బట్టమేకపిట్ట కోసం గడ్డినేలనే అభయారణ్యంగా ప్రకటించారు. ఆ గడ్డిలో కృష్ణజింకలూ, తోడేళ్లూ, గుంటనక్కలూ కూడా నీడ పొందాయి.

మరో ముప్పు కుక్కలు. మహారాష్ట్రలో షోలాపూర్ దగ్గరి నన్నజ్ గడ్డినేలల్లో పరిశోధకులు చూసి చెప్పిందేమంటే, కుక్క దగ్గరలో ఉంటే గుంటనక్క ఎదురుగా ఉన్న తిండి కూడా కడుపారా తినదట. పైగా కుక్కల జబ్బులు దీనికీ అంటుతాయి. ఊరి చివర మనం పారబోసే మాంసపు వ్యర్థాల వల్లే ఆ కుక్కల మందలు పెరుగుతున్నాయి.

మరి ఇంట్లో ఉండే మనం ఏం చేయగలం? చేయగలిగినవి ఉన్నాయి. చెత్తను ఊరి చివర గుట్టల పక్కన పోయించకండి. పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయించండి. లక్ష్మి కలిసొస్తుందని ఎవరైనా ‘నక్క కొమ్ము’ తెస్తే కొనకండి. నక్కకు కొమ్ము ఉండదు! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కలను చంపటం, వాటి అవయవాలు అమ్మటం నేరం కూడాను. మాఘం నుంచి చైత్రం దాకా గుంటల్లో కూనలుంటాయి. వేసవి సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లలు బొక్క కనపడితే పొగపెట్టడం, తవ్వడం సరదా అనుకుంటారు. వద్దని చెప్పండి, ఎందుకు వద్దో కూడా చెప్పండి.

ఆ రాత్రి కథ అడిగితే ద్రాక్షపళ్ల నక్క కథే చెప్పండి, తప్పులేదు. దాని వెంట రేగుపళ్లు ఏరుకు తిని, కూనలకు మేత మోసుకొచ్చే ఈ నక్క సంగతి కూడా చెప్పండి. పిల్లలు తప్పకుండా రెండోదే మళ్లీ అడుగుతారు.