బొచ్చు పారబోయడం ఆపుదాం, పని నేర్చుకుందాం
(మండల సభలో చేసిన ప్రసంగం)



పత్తి ధర, కరెంటు గురించి మాట్లాడుకునే సభలో గొర్రె బొచ్చు ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఒక్క మాట అడుగుతాను. పోయిన కత్తిరింపులో వచ్చిన బొచ్చు ఏం చేశారు? మా ఊళ్లో అయితే చెరువు కట్ట కింద పారబోశాం. బొచ్చు అమ్మితే కత్తిరింపు కూలి కూడా రాలేదు.

మన నల్ల గొర్రె, దక్కనీ గొర్రె, ఏడాదికి రెండుసార్లు బొచ్చు ఇస్తుంది. కురుమ ఆడవాళ్లు దాన్ని ఏకి రాట్నం మీద వడికేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేసేవారు. వానకు కొప్పెర, చలికి దుప్పటి, పొలం కాడ పడక, అన్నీ అదే. ఇప్పుడు మా ఊళ్లో మగ్గం గుంట పూడిపోయింది. రాట్నం తెలిసిన అవ్వ ఒక్కతే మిగిలింది.

ఎందుకిట్లా అయింది? మాంసం ధర పెరిగింది, బొచ్చు ధర పడిపోయింది. 2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. వాటిలో ఎక్కువ నెల్లూరు రకాలు. మాంసానికి మంచివే, కానీ వాటికి ఉన్ని ఉండదు. మందలో ఆ పొట్టేలు కలిస్తే పుట్టే పిల్లకు బొచ్చు తగ్గుతుంది. గొర్రె పోతే పని కూడా పోతుంది.

మగ్గం మళ్లీ పెట్టాలంటే ఖర్చు, ఏళ్ల అనుభవం కావాలి. అందుకే ఈ ఎండాకాలం మేము పన్నెండు మందిమి మగ్గం లేని పని మొదలుపెట్టాం. రాజస్థాన్ టోంక్‌లో, కశ్మీరులో దాన్ని నమ్దా అంటారు. వడకకుండా, నేయకుండా బొచ్చును ఒత్తి చేసే మందపాటి పరుపు. ఉన్ని వెంట్రుకకు కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఇక విడిపోవు.

పని ఇదీ. బొచ్చు కడిగి, ఆరబెట్టి, ఏకాలి. చాప మీద పల్చగా ఒక పొర నిలువుగా, దాని మీద ఇంకో పొర అడ్డంగా పరవాలి. సబ్బు కలిపిన వేడి నీళ్లు చల్లి అరచేత్తో రుద్దాలి. చాపతో సహా చుట్టి, తాడు కట్టి, దొర్లించాలి. విప్పి, తిప్పి, మళ్లీ చుట్టాలి. మనది మోటు బొచ్చు, ఓపిక ఎక్కువ కావాలి.

నా మొదటి పరుపు నడుమ చిరిగింది. అవ్వ వెలుతురుకు పట్టి చూసి, "ఇక్కడ నీ చెయ్యి తొందరపడ్డది బిడ్డా" అన్నది. పొర పల్చబడిన చోటే అది చిరిగింది. యాభై దాటినవాణ్ణి, మళ్లీ బడిలో కూర్చున్నట్టయింది. మూడోది నిలిచింది. ఇప్పుడు మా ఇంట్లో మంచం మీద అదే ఉంది.

దీనితో అప్పులు తీరుతాయని నేను చెప్పను. పారబోసేది పనికొస్తుంది, అంతే. కానీ ఆ అవ్వ చేతిలో ఉన్నది ఆమెతోనే పోకూడదు. ఏ కులం వాళ్లు వచ్చినా నేర్పుతానన్నది. నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఇంకో ఇద్దరికి ఉచితంగా నేర్పాలని మేము మాట అనుకున్నాం. నేర్పే అవ్వకు మాత్రం రోజు కూలి సంఘం ఇవ్వాలి. విద్య ఊరిదే, ఆమె కష్టం ఆమెది.

సంఘం తరఫున మూడు అడుగుదాం. బొచ్చుకు గిట్టుబాటు ధర, మండలానికో కొనుగోలు కేంద్రం. గొర్రెల పథకంలో దక్కనీ పొట్టేళ్లు. నేర్పే పెద్దలకు గౌరవ వేతనం.

1946 జూలై 4న కడివెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ. మన పోరాటాల్లో ఎర్రజెండా పక్కన గొంగడి కూడా నడిచింది. దాన్ని సభల్లో నాయకుల భుజాన కప్పి వదిలేస్తే సరిపోదు. వచ్చే కత్తిరింపు నాటికి ప్రతి ఊరి నుంచి ఇద్దరు మా ఊరికి రండి. చాపలు మావి, బొచ్చు మీరు తెచ్చుకోండి.